సాక్షి మీద మూడు తట్టల మన్ను

పోయిన శీతాకాలంలో మా నరసన్నపేట చుట్టుపక్కల రిటైరైన టీచర్లం పద్నాలుగు మందిమి కూడబలుక్కుని ద్వారక, సోమనాథం చూడ్డానికి బయల్దేరాం. అంతదూరం వెళ్ళాక ఒక్కరోజు కచ్ ఎడారిలోకి బస్సు తిప్పించమని నేనే మొండికేశాను. అక్కడేముంది అని మా లెక్కల మాస్టారు అడిగాడు. భూమిలోంచి తవ్వి తీసిన ఊరుంది, వేల ఏళ్ళ నాటిది అన్నాను. అంత పాత ఊళ్ళో మనకి తెలిసినవాళ్ళెవరుంటారు టీచర్ అన్నాడాయన. మా మావ ఉన్నాడు అన్నాను. ఈవిడ మాటలు ఎప్పుడూ ఇలాగే ఉంటాయిలే అని అందరూ నవ్వి ఊరుకున్నారు. కానీ నేనన్నది నిజం. మా మావ, అంటే మా ఆయన్ని కన్న తండ్రి, ఆ ఊరిని తవ్విన మేస్త్రి. ఆ మట్టి మోసిన నెత్తుల్లో నాదీ ఒకటి. ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయను. ఎందుకు రాయలేదో చదివాక మీకే తెలుస్తుంది.

మేం ఉన్న రోజుల్లో అక్కడికి లారీ వెళ్ళడమే గగనం. ఇప్పుడు ఉప్పునేల మధ్యనుంచి తిన్నగా తారురోడ్డు వేశారు. టిక్కెట్లిచ్చే గది, నీడకి గుడారం, కూర్చోడానికి సిమెంటు బల్లలు, మెళ్ళో కార్డు వేసుకున్న గైడు, అన్నీ ఉన్నాయి. ఒకప్పుడు నేను కాళ్ళు జాపుకుని ఎండుచేప నంజుకుంటూ అంబలి తాగిన కోటగోడ చుట్టూ ఇప్పుడు తాడు కట్టి ముట్టరాదు అని రాశారు. నేను ముట్టి వచ్చాను. గైడు నలుచదరంగా తవ్విన గోతుల్ని చూపిస్తూ, గోతికీ గోతికీ మధ్య తవ్వకుండా వదిలిన మట్టిగట్లని చూపిస్తూ, ఈ గట్టు చూస్తే ఏ పొర ఏ కాలానిదో తెలుస్తుంది, ఇది అబద్ధం చెప్పదు అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆపుకోబోతే దగ్గయి, దగ్గు ఆపుకోబోతే కళ్ళమ్మట నీళ్ళొచ్చి, మా లెక్కల మాస్టారు మంచినీళ్ళ సీసా అందించాడు. తిరుగు బస్సులో కథంతా చెప్పాను గానీ సగంమంది నిద్రపోయారు. చెప్పింది వినకపోతే నాకు ఒళ్ళు మండుతుంది, ముప్ఫై ఏళ్ళు బడిలో ఉన్న అలవాటు. అందుకే ఇలా రాస్తున్నాను, నిద్రపోయినవాళ్ళు కూడా చదవొచ్చు.

మాది పాతపట్నం పక్కన పల్లె. నేను పుట్టింది మాత్రం నౌపడలో, మా నాన్న ఉప్పు మడుల్లో పనిచేసేవాడు. పదో తరగతి పాసయ్యాక, ఇంకా చదువుతానంటే ఉప్పు పండించేవాడి కూతురికి ఇంత చదువే ఎక్కువని మా అమ్మ పెళ్ళి చేసి పంపేసింది. అత్తవారిది మెట్ట వ్యవసాయం. చోళ్ళు, ఉలవలు ఇంటికి చేరాక పల్లెలో సగంమంది మట్టిపనికి వలసపోయేవారు. కాలువ తవ్వాలన్నా, చెరువు తవ్వాలన్నా, రైలుకట్ట పొయ్యాలన్నా దేశంలో ఎక్కడెక్కడివాళ్ళో మా వైపు మేస్త్రీలకి కబురు పంపేవారు. అలాంటి మేస్త్రీల్లో మా మావ అప్పలస్వామి పేరున్నవాడు. పొట్టిమనిషి, పొలంలో నడిచినా చెప్పుల్లేని కాళ్ళతో నేలని నొక్కి చూసుకుంటూ నడిచేవాడు. గుప్పెడు మన్ను తీసి, నలిపి, వాసన చూసి, కొంచెం నాలుక మీద వేసుకుని, దీనికింద రెండు మూరల్లో నీరు తగులుతాది అంటే తగిలేది. ఇంట్లో ఉప్పు తక్కువైందని ఒక్కనాడు కనిపెట్టలేదు గానీ మట్టి రుచి మాత్రం తెలుసు.

పెళ్ళయిన ఏడే నన్నూ తట్ట ఎత్తించి కచ్ తీసుకుపోయారు, అక్కడెక్కడో కాలువ పని అని. ఆ కాలువ కాంట్రాక్టరు పని మధ్యలో ఆపేసి వెళ్ళిపోయాడు. ఇంటికి పోదామా ఉందామా అని మా గుంపు ఇరవైమందీ ఎటూ తేలక కూర్చున్న రోజుల్లో మా అత్త సంతలో మిరపకాయలు బేరమాడుతోంది. ఆమెకి తెలుగు తప్ప రాదు, అమ్మేవాడికి వాడి భాష తప్ప రాదు. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు గంటసేపు తిట్టుకుని చివరికి ఒక ధరకి వచ్చారు. ఆ తిట్లు విని ఒక పెద్దావిడ, నూలుచీర, నెత్తిన టోపీ, పరుగున వచ్చి మా అత్త చెయ్యి పట్టుకుంది. బందరు మనిషి. పాతకాలపు ఊళ్ళు తవ్వించే ఉద్యోగం. కరువొచ్చి చుట్టుపక్కల జనం మందలు తోలుకుని వెళ్ళిపోతే కూలీలు దొరక్క దిగులుపడుతోంది. మా అత్త తిట్లు ఆమెకి దేవుడు పంపిన కబురులా వినిపించాయట. మరుసటిరోజు లారీ ఎక్కి ఆ దిబ్బ దగ్గర దిగాం. అందరూ ఆమెని మేడంగోరు అనేవారు, నేను మేడం అనేదాన్ని.

అక్కడి బతుకు తల్చుకుంటే ముందు వాసనలే గుర్తొస్తాయి. తెల్లారకుండానే మా అత్త మూడురాళ్ళ పొయ్యి మీద గంటి అంబలి, అంటే సజ్జల జావ, కాచేది. ఎడారిలో పండే గంటెలు మా ఊరి గంటెలే కావడం చూసి, ఈ ఊరోళ్ళు మనవాళ్ళే అని తీర్మానించేసింది. ఎండు నెత్తళ్ళు మాత్రం ఇంటినుంచి గోనెసంచీలో తెచ్చుకున్నాం. దిబ్బ పక్క ఊళ్ళో కరువుకి వెళ్ళకుండా మిగిలినవాళ్ళలో మాంసం, చేప ముట్టనివాళ్ళే ఎక్కువ. దగ్గర్లో నాలుగంతస్తులు నేలలోకి దిగే మెట్లబావి ఒకటుండేది, మెట్టుమెట్టుకీ రాతిలో చెక్కిన ఏనుగులూ ఆడబొమ్మలూ. ఏ రాజు తవ్వించాడో, ఏ రాణి తవ్వించిందో, కింద ఇంకా చారెడు నీళ్ళుండేవి. మా అత్త ఆ మెట్ల మీద కూర్చుని చేపలు కడగబోతే ఊరంతా కదిలి వచ్చింది. ఆమె కూడా తగ్గలేదు, ఇంత అందంగా కట్టిన బావిలో చేపల్లేకపోవడమే తప్పని వాదించింది. చివరికి మేడం మధ్యలో పడి, చేపల సంచి వాసన ఊరిమీదికి రాకుండా దిబ్బ అవతల ఒక గోతిలో పెట్టించింది. ఆ ఊరి ఆడవాళ్ళకి మా అత్త మీద కోపం పోయింది మాత్రం అడ్డపొగ చూశాకే. ఈదురుగాలిలో మొగాళ్ళ చుట్టలు వెలక్క చస్తుంటే మా అత్త నిప్పు నోటి లోపల పెట్టుకుని హాయిగా పొగ పీలుస్తూ తట్ట మోసేది. దూరంనుంచి వచ్చి మరీ చూసేవారు. ఇది మీ దేశంలో వ్రతమా అని ఒకావిడ మేడం ద్వారా అడిగించింది.

పని మొదటిరోజు మా మావకి తలకొట్టేసినట్టయింది. గునపం పక్కన పెట్టించి చేతికి చిన్న తాపీ, బ్రష్షు ఇచ్చింది మేడం. రోజంతా పదిమంది కలిసి జానెడు లోతు దిగితే, కొంచెం నెమ్మదిగా చెయ్యమంది. "ఇదేటమ్మా, మట్టిని తుడుస్తారేటి? పెళ్ళికూతురి మొకమేటి ఇది," అన్నాడు మా మావ. పైగా కొలత పని కాదు, రోజుకూలి. ఎంత తవ్వినా ఒకటే. పొద్దున్నించీ సాయంత్రందాకా గడియారం లెక్కన పని చెయ్యడం ఆయన వంశంలో ఎవరూ ఎరగరు. కానీ దిబ్బ తెరుచుకున్నకొద్దీ ఆయన నోరు మూతపడింది. చెక్కిన రాళ్ళతో కోటగోడలు, గచ్చు చేసిన స్నానపు గదులు, వీధి పక్క మూతలు పెట్టిన మురికికాలువలు, అద్దంలా నున్నగా చేసిన రాతిస్తంభాలు, అన్నింటికన్నా మించి చెరువులు. రాతినేలని తొలిచి, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి నీళ్ళు దిగేట్టు వరసగా చెరువులు తవ్వారు. ఏడాదికి రెండు వానలు పడితే ఆ రెండు వానల చుక్క బయటికి పోకూడదు. మేడం రాజుల గురించీ, ఓడల గురించీ, ముద్రల గురించీ చెప్పేది. మా మావకి అవేమీ పట్టేవి కావు. చెరువు గట్టున కూర్చుని, ఇంత రాయి ఎంతమంది తీసుంటారు, మట్టి ఏ వైపు పోసుంటారు, ఆడవాళ్ళు ఏ వాలు ఎక్కుంటారు అని తనలో తను గొణుక్కునేవాడు.

నాకు మట్టి మొయ్యడం తప్పింది. రాతవచ్చిన మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి కుండపెంకులు కడిగి, ఏ గొయ్యి, ఏ పొర అని చీటీ రాసి గుడ్డసంచుల్లో కట్టే పని నాకిచ్చింది మేడం. పైన ఉన్నది చిన్నది, కింద ఉన్నది పెద్దది అని పొరల వయసు చెప్పడం నేర్పింది. నా దస్తూరి చూసి, ఇంత బాగా రాస్తావు, ఇంటికి వెళ్ళాక చదువు మళ్ళీ మొదలుపెట్టు, నేను మీ మావకి చెబుతాను అంది. అలాంటి మాట నాతో అన్న మొదటి మనిషి ఆమె. ఆ సాయంత్రం అంబలి మాడగొట్టాను, అత్త తిట్టినా వినిపించలేదు.

ఇప్పుడు సాక్షి అంటే ఏమిటో చెప్పాలి. కొలత పనిలో గొయ్యి తవ్వేటప్పుడు మధ్యలో ఒకచోట తవ్వకుండా నిలువునా ఒక మట్టిదిమ్మ వదిలేస్తారు. పాత నేల ఎంత ఎత్తున ఉండేదో ఆ దిమ్మ చెబుతుంది. ఓవర్సీరు వచ్చి దాని పక్కన టేపు పెట్టి లోతు కొలుస్తాడు, ఆ లోతుని బట్టే కూలి. దాన్నే మావాళ్ళు సాక్షి అంటారు. ఓవర్సీరు టేపు పట్టేటప్పుడు నాలుగు వేళ్ళు తినేస్తాడని అందరికీ తెలుసు. అందుకని అతను వచ్చే ముందురోజు మేస్త్రి సాక్షి నెత్తిన కొంత మన్ను వేసి, తడిచేత్తో తట్టి, పైన గడ్డి కూడా నాటి, నాలుగు వేళ్ళు పెంచుతాడు. అతను తిన్నది వీళ్ళు పెట్టింది సరిపోతాయి, ఎవరికీ పాపం రాదు. దీనికి మావాళ్ళు సాక్షికి ఒళ్ళు చేయించడం అని పేరు పెట్టారు. ఎవడు పడితే వాడు చెయ్యలేడు. మన్ను రంగు కలవాలి, బిగువు కలవాలి, అతుకు కనబడకూడదు. మా మావ ఒళ్ళు చేయించిన సాక్షిని ఏ ఓవర్సీరూ పట్టుకోలేదని మా వైపు గొప్పగా చెప్పుకునేవారు. మేడం గోతుల మధ్య గట్లు వదలమని, వాటిని ఎవరూ ముట్టుకోవద్దని మొదటిరోజే చెప్పినప్పుడు మా మావ ఒక్కడే సంతోషించాడు. "అది మాకు తెలుసమ్మా. సాక్షి," అన్నాడు. మేడం కూడా సంతోషించింది. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ బాగా అర్థమైందనుకున్నారు.

తరవాత మేడంకి జ్వరం తగిలి వారంరోజులు పట్నం వెళ్ళింది. తూర్పు గోతిలో కొద్దిగా మాత్రమే పని చెయ్యండి అని చెప్పి వెళ్ళింది. రేపు ఆమె తిరిగి వస్తుందనగా మా మావ ఉదయాన్నే లేచి గట్టు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఎడారి పైమన్ను పొడి ఇసుక, తడిపినా నిలవదు. అందుకని పక్క గోతి అడుగునుంచి రెండు తట్టల జిగురుమన్ను తీయించి గట్టు మీద పరిచి అణిచాడు. రంగు కలవడానికి పైన ఒక తట్ట దుమ్ము చల్లాడు. ఆ మూడు తట్టలూ నేనే మోశాను. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. పుట్టింట్లో మా అమ్మ బియ్యం కొలిచి పొయ్యి మీద పెట్టబోతూ పిడికెడు వెనక్కి వేసేది, ఇదీ అలాంటిదే అనుకున్నాను. రోజుకూలి పనికి ఇదెందుకు మావా అని మాత్రం అడిగాను. సాక్షిని ఉత్తినే వదిలేస్తే రాత్రి నిద్ర పట్టదన్నాడు. మేడం వచ్చి టేపు పెట్టి, కొద్దిగా చెయ్యమంటే ఇంత లోతు ఎందుకు తవ్వారు అని కోప్పడింది. ఎక్కువ తవ్వావని తిట్టినవాళ్ళు ఆయనకి జీవితంలో ఆమె ఒక్కతే. పూటంతా అన్నం సయించలేదు.

నాలుగురోజుల తరవాత మేడం ఆ గట్టు పక్క చెక్కుతూ గట్టిగా ఊపిరి పీల్చింది. పైపొరలో, నిన్నమొన్నటి మన్నులో, ఒక ఎర్రకుండ పెంకు. దానిమీద నల్లటి చేప పొలుసుల బొమ్మ. అలాంటి పెంకులు అన్నింటికన్నా కిందపొరలో తప్ప దొరకవు. చుట్టూ ఉన్న జిగురుమన్ను కూడా కిందపొరదే. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చిన్నపిల్లలా చెప్పుకుపోయింది. ఈ ఊరు కట్టినవాళ్ళు కరువొచ్చి వెళ్ళిపోయారని ఇన్నాళ్ళూ అనుకున్నారు. కాదు. చాలా కాలం తరవాత వాళ్ళ పిల్లల పిల్లలు అదే కుండలు చేసుకుంటూ తిరిగి వచ్చారు. "వెళ్ళిపోయిన వాళ్ళు తిరిగొచ్చారు పార్వతీ," అంటుంటే ఆమె కళ్ళు తడిశాయి. అదే సాయంత్రం ఢిల్లీలో తన గురువుగారికి ఉత్తరం రాసింది. ఆయన తనే వచ్చి చూస్తానని జవాబిచ్చాడు.

తిరిగొచ్చింది ఎవరి పిల్లలూ కాదు, నా నెత్తిమీది రెండు తట్టలు. చెబితే మా మావ పరువు పోతుంది. గుంపులో ఆయన మాటే చట్టం, పెళ్ళయి ఏడాది కాని కోడలు నలుగురిలో ఆయన్ని దొంగని చేస్తే ఇంటికి ఏ ముఖంతో పోతాను. చెప్పకపోతే, నాకు చదువుకోమని చెప్పిన ఒకే ఒక్క మనిషి నా చీటీలనే నమ్మి పదిమందిలో అబద్ధం చెప్పబోతోంది. మా ఆయన్ని అడిగాను. మా నాన్ననడుగు అని అటు తిరిగి పడుకున్నాడు, ఇవాళ్టికీ ఆయన సలహా అదే. అత్తనడిగాను. ఆమె చుట్ట నోట్లోంచి తీసి, చల్లారాక మాట్లాడుతానంది. చల్లారాక ఇలా అంది: "ఓలె గుంటా, మట్టి మట్టిలో ఉన్నాది. దాన్ని నువ్వెందుకు కెలుకుతావు." మా మావతోనే చెబుదామని రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ ఆయన నన్ను చూసి, మేడంగోరికి మన పని నచ్చిందట, ఢిల్లీనుంచి దొర వస్తన్నాడట, సాక్షి సూడ్డానికే వస్తన్నాడట అని మురిసిపోయాడు. ఆయనకి ఎందుకు వస్తున్నాడో తెలీదు. తన చేతిపని చూడ్డానికే అనుకున్నాడు.

గురువుగారు వచ్చాడు. తెల్లమీసాలు, నల్లగొడుగు, గోతిలోకి దిగడానికి నిచ్చెన వద్దన్నాడు. మేడం గట్టు ముందు నిలబడి చెబుతోంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దంతో చూస్తున్నాడు. గుంపంతా పైన గోతి అంచున వరసగా నిలబడ్డారు, మా మావ కొత్త తలపాగా చుట్టుకుని ముందున్నాడు. గురువుగారు చూసి చూసి, చాలా పెద్ద సంగతి, ఇవాళే రాసి పంపుదాం అని జేబులోంచి కలం తీశాడు. ఆ కలం మూత తీసిన చప్పుడు నాకింకా గుర్తు. నేను గోతిలోనే, పెంకుల సంచి పట్టుకుని ఉన్నాను.

"మేడం, ఆ మన్ను మా మావ పెట్టాడు," అన్నాను. "నేనే మోశాను."

ఆమె నావైపు తిరిగి చూసింది. నేనన్నది తెలుగులో కాబట్టి ఆయనకి అర్థం కాలేదు, కలం అలాగే పట్టుకుని ఏమిటని అడిగాడు. మేడం అబద్ధం చెప్పొచ్చు. పిల్లకి ఎండ తగిలిందనొచ్చు. ఆమె ముఖం తెల్లబోయింది గానీ ఉన్నదున్నట్టు హిందీలో చెప్పేసింది. ఆయన నమ్మలేదు. ముప్ఫై ఏళ్ళుగా మట్టిపొరలు చూస్తున్నాను, ఇది చేత్తో వేసింది కాదన్నాడు. ఆ మాట మేడం తెలుగులో చెప్పగానే, అప్పటిదాకా తలొంచుకుని ఉన్న మా మావ తలెత్తాడు. అదే ఆయన్ని కాపాడింది. దొంగ అంటే ఊరుకునేవాడేమో గానీ, నీ చేతిపని నీది కాదంటే ఎవరు ఊరుకుంటారు. గోతిలోకి దూకి, తాపీ అడిగి, గట్టు నెత్తిన పక్కనుంచి ఒక్క కోత కోశాడు. మూడు తట్టల మన్నూ మూతలా ఊడి ఆయన చేతుల్లోకి వచ్చింది.

"ఇదిగో, ఇక్కడిదాకా నా సెయ్యి. కిందది దేవుడి సెయ్యి," అన్నాడు. "ఇది ఆ గోతి అడుగు మన్ను. ఇది దాని పక్కది, కొంచెం బూడిద తగులుతాది. పైది దుమ్ము."

గురువుగారు బూడిద కలిసిన మన్ను వేళ్ళతో నలిపి చూశాడు. నిజంగానే బూడిద. కలం జేబులో పెట్టుకుని, ఆ మనిషి నేలమీదే చతికిలబడి, గొడుగు పక్కన పడేసి నవ్వడం మొదలుపెట్టాడు. చాలాసేపు నవ్వాడు. తన ఉద్యోగంలో తనని ఇంత శుభ్రంగా మోసం చేసినవాణ్ణి చూడలేదన్నాడు. ఎందుకు చేశావని అడిగించాడు. "అలవాటు బాబూ. సెయ్యి ఊరుకోదు," అన్నాడు మా మావ. మేడం మాత్రం నవ్వలేదు. గుడారంలోకి వెళ్ళిపోయింది.

ఆరోజునుంచి మా మావ నాతో మాట్లాడడం మానేశాడు. నేను వడ్డిస్తే తినేవాడు, ఉప్పు కావాలంటే మా ఆయనతో చెప్పేవాడు, మా ఆయన నాతో చెప్పేవాడు, ఉప్పు ముగ్గురి మధ్యలోనే ఉండేది. గుంపులో ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు, అదే భరించలేకపోయాను. మేడం చీటీలు రాయడానికి పిలవలేదు. రెండోరోజు సాయంత్రం ఆమె తనే మా పాకకి వచ్చి, ఎన్నడూ లేనిది, చేపల వాసన మధ్య చాప మీద కూర్చుని అంబలి అడిగి తాగింది. గిన్నె కింద పెట్టి, నువ్వు చెప్పకపోతే నేను చనిపోయేదాకా మూడు తట్టల మన్ను మీద నిలబడి ఉండేదాన్ని అంది. అని నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళు తిరిగొచ్చి ఉంటే బాగుండేది పార్వతీ, అని కూడా అంది. ఏడ్చాను. ఆమె కోసమో, మా మావ కోసమో, తిరిగిరాని ఆ ఊరివాళ్ళ కోసమో నాకే తెలీలేదు.

తరవాత పట్టుబట్టి ఆమే మా మావతో మాట్లాడి నన్ను టీచరు ట్రైనింగుకి పంపించింది. ఆమె ఇప్పుడు లేదు. మా మావా లేడు, అత్తా లేదు. ఇప్పుడు మా వైపునుంచి మట్టిపనికి వెళ్ళేవాళ్ళు తగ్గారు, వెళ్ళినా యంత్రం పక్కన నిలబడతారు. యంత్రం సాక్షిని వదలదు, ఏదో లేజరు కొలుస్తుందట. ఆ మోసం లేకుండా పోయినందుకు సంతోషించాలి, నాకెందుకో సంతోషం రావడం లేదు. మొన్న ఆ ఊళ్ళో గాజుపెట్టెల గదిలోకి వెళ్ళాను. పెంకులు, పూసలు, ముద్రలు, వాటికింద తవ్వించినవాళ్ళ పేర్లు. తవ్వినవాళ్ళ పేరు ఒక్కటి లేదు. ఊరు కట్టినవాళ్ళ పేర్లూ లేవు, అది వేరే సంగతి, వాళ్ళ రాత ఇంకా ఎవరికీ చదవడం రాలేదు. మావాళ్ళకి అసలు రాతే లేదు. ఒక సంచీ మీద చీటీ మాత్రం నా దస్తూరిలా కనిపించింది. కళ్ళజోడు మార్చి చూసినా తేల్చుకోలేకపోయాను, గైడు గది మూసే వేళయిందని తొందరపెట్టాడు.

మా మావ మళ్ళీ నాతో మాట్లాడిన రోజు సంగతి ఇంకా మిగిలింది. గురువుగారు తిరిగి వెళ్ళేముందు ఆయన్ని వెంటేసుకుని గోతులన్నీ తిప్పాడు. పొర పొరకీ ఆగి, ఇది వాన మన్నా, గాలి మన్నా, మనిషి వేసిందా అని అడిగించడం, మా మావ ముట్టి, నలిపి, నాలుక మీద వేసుకుని చెప్పడం, మేడం రాసుకోవడం. అలా నాలుగోరోజుకి పెద్ద చెరువులోకి దిగారు. అందులో మా గుంపులో వేరేవాళ్ళు పూడిక తీస్తుంటే మధ్యలో మనిషి ఛాతీ ఎత్తున ఒక దిమ్మ బయటపడి చాలారోజులైంది. నీళ్ళ ఎత్తు చూసుకోడానికని మేడం అనేది, దీపం పెట్టే అరుగని గురువుగారు అన్నాడు. మా మావ ఆ చెరువులోకి దిగడం అదే మొదటిసారి. దిమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు. కింద గట్టినేల, తొలవకుండా వదిలేసింది. నెత్తిన మాత్రం నాలుగు వేళ్ళ మందాన వేరే జిగురుమన్ను. చెయ్యి తడుపుకుని దానిమీద పెట్టి, అరచేతిని అలాగే ఉంచి చాలాసేపు నిలబడ్డాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. ఆయన నవ్వుతున్నాడు. అది చెరువులో దిగిన ఒండ్రు కావచ్చు కదా అని మేడం అంది. ఆయన ఆమె మాట వినిపించుకోలేదు. గట్టున తట్ట పట్టుకుని నిలబడ్డ నావైపు చూసి, నాలుగురోజుల తరవాత మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు.

"ఓలె పారోతీ, ఇలా రా. ఈడెవడో గానీ మనోడే," అన్నాడు. నేను దిగి వెళ్ళి పక్కన నిలబడ్డాక, నా చెయ్యి తీసి ఆ చల్లటి మన్ను మీద పెట్టాడు.

"ఈడికి కోడలు నేదు కాబోలు. ఉంటే ఇన్ని వేలేళ్ళు దాగుతాదేటి?"